కోత పండుగలో బెల్లం తురుముపీట

కృపాజ్యోతి చేసే పని ఏమిటో అనకాపల్లి లక్ష్మీదేవిపేటలో ఎవరికీ సరిగ్గా తెలియదు. "మా కోడలు కంపూటర్లో బొమ్మలేత్తాది" అని చెబుతుంది అత్తగారు అప్పాయమ్మ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. విన్నవాళ్ళు పిల్లలు చూసే కార్టూన్లు కాబోలు అనుకుంటారు. పక్కింటివాళ్ళయితే తమ వాడి పుట్టినరోజుకి ఫ్లెక్సీ వేసిపెట్టమన్నారు. జ్యోతి వేసి ఇచ్చింది కూడా. కాదనడం చేతకాని మనిషి. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ మొహమాటంలోంచే వచ్చిందని ఎవరైనా అంటే అనవచ్చు. ఆవిడ మాత్రం ఒప్పుకోదు. తను చేసినదానికి మొహమాటం అన్న పేరు చాలా చిన్నదని ఆవిడకి తెలుసు.

ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, కొన్నాళ్ళు ఓ కాంట్రాక్టరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసి, చివరికి విశాఖపట్నంలో బిందుమాధవి గారి పేటెంట్ల ఆఫీసులో కుదురుకుంది. ఎవరైనా ఒక కొత్త వస్తువు కనిపెడితే, దాన్ని ఇంకొకరు తయారు చేసి అమ్ముకోకుండా తనకే హక్కు, అంటే పేటెంటు, ఇమ్మని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు రాయడం మేడమ్ పని. వస్తువు ఎలా వుంటుందో, ఏ ముక్క ఎక్కడ అతుక్కుంటుందో బొమ్మలు గీయడం జ్యోతి పని. నల్లటి గీత తప్ప రంగు పనికిరాదు. అందంగా వుందా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. ప్రతి ముక్కకీ ఒక అంకె, అంకె నుంచి ముక్క దాకా సన్నటి గీత, అంతే. కరోనా రోజుల్లో ఇంటి దగ్గర కూర్చుని గీయడం మొదలుపెట్టింది. అదే అలవాటైపోయి, ఇప్పుడు పిలిస్తే తప్ప రైలెక్కదు.

వంటింటి పక్క గదిలో కూర్చుని ఆవిడ గీయనిది లేదు. చెరుకు పిప్పిని తిని అరిగించుకునే సూక్ష్మజీవిని గీసింది. అది ఎలా వుంటుందండీ అని అడిగితే, కనిపెట్టిన పెద్దమనిషి కాసేపు ఆలోచించి, "ఓ చింతగింజలా వేసెయ్యండమ్మా" అన్నాడు. తడిచేత్తో తిప్పినా జారని షాంపూ మూతని అన్ని వైపుల నుంచీ గీసింది. ఫోనులో డబ్బు పంపేటప్పుడు వేలు వణికితే, అది దొంగ వేలో ముసలివాళ్ళ వేలో పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. దానికి పెట్టెలూ బాణాలూ వేసింది. ఇవన్నీ బజార్లోకి రాకముందే తను చూసేస్తున్నానని ఆవిడకి లోపల్లోపల కాస్త గర్వం. కానీ ఎవరికీ చెప్పకూడదు. కట్టుకున్నవాడికి కూడా ఏనాడూ చెప్పలేదు.

ఆ పనిలో అన్నిటికన్నా ముందు నేర్చుకున్న సంగతి ఒకటుంది. దరఖాస్తు పడేదాకా వస్తువుని నలుగురిలో చూపించకూడదు. చూపిస్తే అది ఇక కొత్తది కాదు, హక్కు రాదు. ఒకసారి భీమవరం వైపు నుంచి ఓ లెక్చరర్ గారు వచ్చారు. రొయ్యల చెరువులో నీళ్ళు కుళ్ళకుండా చూసే బాక్టీరియా పొడి కనిపెట్టారట. అంతా విని మేడమ్ మామూలుగా అడిగే ప్రశ్న అడిగింది, బయట ఎక్కడా చూపించలేదు కదా అని. ఆయన ఉత్సాహంగా, రైతుల మీటింగు పెట్టి అందరికీ తలా ఒక పొట్లం పంచానండీ, వీడియో కూడా వుంది అన్నారు. మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, ఇంత చదువుకుని ఇదేం తెలివితక్కువతనం అని జ్యోతి నవ్వుకుంది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఆవిడకి సిగ్గుతో చచ్చినంత పనవుతుంది.

ఇక మొగుడు జాన్ బాబు. తుమ్మపాల రోడ్డులో వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, బెల్లం వండే పెనాలకి అతుకులు. ఆవిడకి మేనమామ కొడుకే, చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన మనిషే. చేతిలో పనితనం వుంది గానీ నోట్లో నాలుక లేదు. ఇద్దరి మధ్య వున్నప్పుడు బాగానే మాట్లాడతాడు, మూడోమనిషి వచ్చి నిలబడితే గొంతుకి తాళం పడుతుంది. పెళ్ళిలో ప్రమాణం చదవమంటే పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. పాస్టర్ గారు గట్టిగా, ఇంకాస్త గట్టిగా అని బతిమాలి, చివరికి వచ్చింది చాలన్నట్టు ఆమెన్ అనేశారు. షాపు దగ్గర బేరమాడాలన్నా పక్క కొట్టు పైడిరాజు వచ్చి మాట్లాడిపెట్టాలి.

అనకాపల్లిలో బెల్లం లేని ఇల్లు వుండదు, దిమ్మని చితక్కొట్టలేక విసుక్కోని ఆడదీ వుండదు. వానాకాలం వస్తే మరీ కష్టం. కత్తికి అంటుకుంటుంది, తురుముపీట కన్నాల్లో ఇరుక్కుంటుంది, వేడినీళ్ళు పోస్తే తప్ప వదలదు. జ్యోతి ఒకరోజు రోకలిబండతో దిమ్మని బాదుతుంటే ముక్క ఎగిరి కనుబొమ్మకి తగిలింది. ఆ సాయంత్రం జాన్ బాబు ఆ దెబ్బ చూశాడు. మర్నాటి నుంచి షాపులో పని అయిపోయాక ఏదో కోస్తూ, రాస్తూ, అతికిస్తూ కూర్చునేవాడు. కొన్ని వారాలకి స్టీలు పెట్టె ఒకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. దానికి రెండు దువ్వెనల్లాంటి పళ్ళు, ఒక పిడి. పిడి ముందుకి తోస్తే మొదటి దువ్వెన బెల్లాన్ని తురుముతుంది. వెనక్కి లాగితే రెండో దువ్వెన దాని పళ్ళ మధ్యలోంచి దూరిపోయి, అంటుకున్న బెల్లాన్నంతా రాల్చేస్తుంది.

"మొదటిది నీకే" అన్నాడు.

జ్యోతి పిడి తోసింది, లాగింది, మళ్ళీ తోసింది. ఇలాంటిది ఇంతవరకూ ఆవిడ గీసినవాటిలో లేదు. ఇది మేడమ్‌కి చూపించాల్సిన వస్తువు అని ఆ క్షణమే అనుకుంది. మొగుడితో అంటే "మనకెందుకే ఆ గొడవలు" అని ముడుచుకుపోతాడని తెలుసు కాబట్టి, ముందు బొమ్మ గీసి అప్పుడు చెబుదామనుకుంది. అతనికి తెలియకుండా మొదటి బొమ్మ మొదలుపెట్టింది కూడా.

ఇంతలో నవంబరులో చర్చిలో కోత పండుగ వచ్చింది. ఎవరి కష్టంలో మొదటి ఫలం వాళ్ళు తెచ్చి దేవుడికి ఇవ్వాలి. చెరుకు రైతు మొదటి బెల్లం దిమ్మ తెస్తాడు, టైలరు మొదట కుట్టిన గౌను తెస్తాడు. కోడి పెట్టిన మొదటి గుడ్డు కూడా వస్తుంది. ప్రార్థన అయ్యాక అన్నిటికీ వేలం పాడి, వచ్చిన సొమ్ము చర్చికి జమ చేస్తారు. అప్పాయమ్మ పుట్టిల్లు చీడికాడ పక్కన పల్లె. ఆ పల్లెలో మొదటి అరటి గెలలో ఒక్క పండు కూడా కోసుకోకుండా చర్చికి మోసేవారట.

"మావోడు కొత్తదేదో సేసేడు కదే. మొదటిది దేవుడిది కాదేటి?" అంది అప్పాయమ్మ.

"అది నాకిచ్చేడు అత్తా."

"నీకిచ్చేడు గనకే నువ్వియ్యాల. ఒకరిది మనం ఇత్తామేటి?"

ఆ మాట జ్యోతికి సబబుగానే తోచింది. పైగా తనకీ ఇవ్వాలనే అనిపించింది. పాత తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళి, గుమ్మడికాయల పక్కన పెట్టి వచ్చింది. మేడమ్ అడిగే ప్రశ్న ఆ పూట ఆవిడకి గుర్తే రాలేదు. ఎందుకంటే బయట అంటే ఆవిడ లెక్కలో బజారు, పేపరు, ఇంటర్నెట్. చర్చి బయట కాదు. పుట్టినప్పటి నుంచీ చాప మీద కూర్చున్న చోటు అది, ఇంట్లో ఇంకో గది లాంటిది. దేవుడి ముందు ఒక వస్తువు పెడితే దాన్ని చూపించడం అంటారని ఎవరనుకుంటారు?

వేలం పాడింది ఎలియాజరు గారు. సంఘంలో పెద్ద, పైగా బెల్లం మార్కెట్లో దిమ్మలకి రోజూ పాట పాడి పాడి అరిగిన గొంతు. కోళ్ళూ గుమ్మడికాయలూ అయ్యాక తువ్వాలు విప్పి, పెట్టెని తలకిందులు చేసి చూశారు.

"ఇదేట్రా బాబూ, ఎలకల బోనా?"

చర్చి అంతా నవ్వు. ఎలియాజరు గారు పిడి తిప్పబోయి వేలు నొక్కుకున్నారు, మళ్ళీ నవ్వు. "ఒరే జానూ, సేసినోడివి నువ్వే వచ్చి సెప్పు. తెలీని వస్తువుకి నేను పాటెలా పాడతాను" అన్నారు.

మగవాళ్ళ వైపు నుంచి జాన్ బాబు లేచాడు.

అప్పుడు తట్టింది జ్యోతికి. పాస్టరమ్మ గారి ఫోను స్టాండు మీద నిలబడి వుంది. సంఘం యూట్యూబ్ ఛానల్‌కి ఎర్రచుక్క వెలుగుతూ అంతా లైవులో పోతోంది. ఇది చూపించడమే. మేడమ్ పెన్ను కింద పెట్టేసిన సంగతి, లెక్చరర్ గారు మెట్లు దిగిపోయిన సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మొగుడు చాపల మధ్యలోంచి ఒదిగి ఒదిగి నడుస్తున్నాడు, ముందుకి చేరడానికి ఇంకా కాస్త దూరం వుంది. "బావా, వద్దు" అంటే చాలు. అందరూ తిరిగి చూస్తారు, పిచ్చిదనుకుంటారు, అంతకంటే ఏమీ కాదు. ఆవిడ సగం లేచింది.

అతని మొహం కనిపించింది. భయపడుతున్నాడు, కానీ వెళ్తున్నాడు. జీవితంలో మొదటిసారి నలుగురూ పిలిస్తే వెనక్కి తగ్గకుండా వెళ్తున్నాడు. ఆవిడ కూర్చుండిపోయింది.

జాన్ బాబు కానుకల్లోంచే ఓ బెల్లం దిమ్మ తీసుకుని పెట్టెలో ఇరికించాడు. "ఇది" అని ఆగాడు. "ఇది ఎల్లేటప్పుడు తురుముతాది. వచ్చేటప్పుడు దాని పళ్ళు అదే తోముకుంటాది" అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి పెద్ద నవ్వు లేచింది. ఆ నవ్వుతో గొంతు తాళం ఊడిపోయింది. రెండు దువ్వెనలు ఎందుకో చెప్పాడు, పళ్ళ మధ్య ఎంత సందు వుండాలో చెప్పాడు, మా ఆవిడ కనుబొమ్మ పగలబట్టి ఇది పుట్టిందండీ అన్నాడు. తురిమిన బెల్లం ముందు వరసలో పిల్లల చేతుల్లో పోశాడు. తనూ నవ్వాడు. చప్పట్లు కొడితే అందరికన్నా గట్టిగా కొట్టింది జ్యోతే. అరచేతులు మండేలా కొట్టింది. ఆ చప్పుడులో తన గుండె చప్పుడు తనకి వినబడకూడదని.

పాట చిన్నమ్మలు అనే రిటైరైన నర్సమ్మకి కొట్టేశారు. ఆవిడ ఆ తురుముపీటని వీధరుగు మీద పెట్టుకుని వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించేది. వారం తిరక్కుండా పేటలో పిల్లలకి కూడా అది ఎలా పనిచేస్తుందో కంఠతా వచ్చింది.

పండుగ తరవాత జాన్ బాబు మారిపోయాడు. షాపు దగ్గర బేరం తనే ఆడుతున్నాడని పైడిరాజు వచ్చి చెప్పి మరీ వెళ్ళాడు. ఒక ఆదివారం అన్నం తింటూ, తలెత్తకుండానే అడిగాడు.

"నువ్వు గీసేవాటిలో నాదీ ఒకటి గియ్యకూడదా?"

ఎప్పుడెప్పుడు అడుగుతాడా అని ఆవిడ కాచుకున్న మాట. అప్పుడైనా చెప్పివుండాల్సింది. ఇది ఇక కుదరదు బావా, ఆ రోజు చూపించడంతోనే పోయింది అని. కానీ ఆ రోజే లేకపోతే ఈ మాట అడిగే ధైర్యం అతనికి ఎక్కడి నుంచి వచ్చేది? ఇప్పుడు చెబితే పోయేది పేటెంటు ఒక్కటే కాదు, ఆ రోజు కూడా పోతుంది. "గీత్తాను బావా" అంది.

గీసింది. ఇంతవరకూ ఎవరి వస్తువునీ అంత శ్రద్ధగా గీయలేదు. అవి పట్టుకుని రైలెక్కి విశాఖ వెళ్తే, బిందుమాధవి గారు బొమ్మలు తిప్పి తిప్పి చూసి చాలా మురిసిపోయింది. "నీ దగ్గర ఫీజేమిటి జ్యోతీ, ఇది మన ఇంటి పని" అంది. తరవాత, అందరినీ అడిగినట్టే, బొమ్మల మీంచి తల ఎత్తకుండా అడిగింది.

"బయట ఎక్కడా చూపించలేదు కదా?"

"లేదండీ."

మేడమ్ ఆవిడ మొహం చూడలేదు. చూడాల్సిన అవసరం వుందని అనుకోలేదు. చూసివుంటే బాగుండేదని జ్యోతి తరవాత చాలాసార్లు అనుకుంది. అబద్ధం కొత్తయిన మొహాన్ని ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

దరఖాస్తు పడింది. పడిన రోజు నుంచీ ఆ వీడియో ఆవిడ నెత్తి మీద కూర్చుంది. యూట్యూబ్ తీసి చూసుకునేది. చూసినవాళ్ళు పట్టుమని వంద మంది లేరు, అయినా వుంది కదా. రేపు ఎవరో వెతుకుతారు, కోత పండుగ అని కొడతారు, మొగుడు నవ్వుతూ బెల్లం తురుముతుంటాడు. ఆగలేక ఒకరోజు పాస్టరమ్మ గారి ఇంటికి వెళ్ళింది.

"అమ్మగారూ, ఆ వేలం వీడియో తీసెయ్యరా. అందులో నా సీర సరిగ్గా లేదండీ. సిగ్గుగా వుంది."

పాస్టరమ్మ ఫోను తీసి కళ్ళజోడు సర్దుకుని ఆసాంతం చూసింది. "నువ్వు ఎక్కడా కనిపించడమే లేదు కదమ్మా."

"ఒక మూల కనిపిత్తానండీ."

పాస్టరమ్మ కాసేపు ఆవిడ వంక చూసి, "సరేలే. ఆడదాని సిగ్గు ఆడదానికే తెలుస్తుంది" అని తీసేసింది. ఫోనులో చోటు లేక ఇబ్బందిగా వుందంటూ, దాంట్లో వున్న అసలుదీ తీసేసింది. ఒకటి అడిగితే రెండూ పోయాయి. జ్యోతి ఇంటికి నడిచేంతసేపు గుండె తేలిగ్గా వుంది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఎప్పటికన్నా బరువెక్కింది. మేడమ్ దగ్గర అబద్ధం, పాస్టరమ్మ దగ్గర అబద్ధం. ఇద్దరూ ఆవిడని నమ్మడమే వాళ్ళు చేసిన తప్పు.

తరవాత నెలలో చర్చిలో ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం తలనొప్పి అని ఇంట్లో వుండిపోయింది. ఆ పై నెలా అంతే. ఆ రొట్టె నోట్లో పెట్టుకునే ముందు ఎవరి మనసు వాళ్ళు తడిమి చూసుకోవాలి. తడిమితే చేతికి ఏం తగులుతుందో ఆవిడకి తెలుసు. అప్పాయమ్మ ఇది కంప్యూటర్ వల్ల వేడెక్కడమే అని తేల్చి, మాడు మీద ఆముదం పెట్టి అరచేత్తో టపటపా కొట్టింది. "కళ్ళల్లోకి దిగిపోనాది వేడి" అని ఊరంతా చెప్పింది. జ్యోతి కదలకుండా కూర్చుని కొట్టించుకుంది. ఇంకా గట్టిగా కొడితే బాగుండునని కూడా అనిపించింది.

ఎండలు ముదిరాక మేడమ్ ఫోను చేసింది. వంటింటి సామాన్లు తయారుచేసే కంపెనీవాళ్ళకి తురుముపీట నచ్చిందట. హక్కు గట్టిగా వుంటే తయారు చేస్తారు, జాన్ బాబు పేరు మీదే. మంగళవారం ఆఫీసుకి వస్తున్నారు, కనిపెట్టిన మనిషి నోటితోనే వినాలంటున్నారు. మీ ఆయన మాట్లాడతాడా అని మేడమ్ అడిగితే, మాట్లాడతాడండీ అంది జ్యోతి. అదైనా నిజమే చెప్పగలిగింది.

మంగళవారం పొద్దున్న ఇద్దరూ స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నారు. జాన్ బాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఒళ్ళో సంచీలో కొత్తగా చేసిన తురుముపీట. పాసింజరు ఇంకా రాలేదు.

"నేను సెప్పబోయేది ఇను. తప్పుంటే సెప్పు" అని గొంతు సవరించుకున్నాడు. "నమస్కారం సార్. నా పేరు జాన్ బాబు. నవంబర్లో మా సర్చిలో కోత పండగైంది సార్. మొట్టమొదట అక్కడే అందరికీ సూపించేను. అందరూ నవ్వేరు. అప్పుడే నాకు తెలిసింది, ఇది జనానికి నచ్చుతాదని."

జ్యోతి అతని మోచెయ్యి పట్టుకుంది. "ఆ సర్చి ముక్క తీసెయ్యి బావా."

"అదే కదే అసలు ముక్క."

"వాళ్ళకెందుకది. అడిగితే ఎక్కడా సూపించలేదని సెప్పు."

జాన్ బాబు ఆశ్చర్యంగా చూశాడు. "సూపించేను కదా. నా సేతుల్తో. అబద్ధం ఎందుకాడాల?"

ఇక దాటవేయడానికి ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్ళూ అబద్ధం తను ఒక్కతే మోసింది. ఇప్పుడు అతని చేత, కొత్తగా మాట వచ్చిన ఆ నోటితో ఆడించబోతోంది. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. తల వంచుకుని, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పింది. దరఖాస్తుకి ముందు చూపిస్తే హక్కు రాదని. మేడమ్ అడిగితే లేదన్నానని. ఇప్పుడు నువ్వు నిజం చెబితే దరఖాస్తు పోతుంది, అబద్ధం చెబితే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడి నీ పేరే పోతుంది అని.

విషయాన్ని ఇనుప ముక్కలా అటూ ఇటూ తిప్పి చూసుకునే అలవాటు అతనిది.

"అంటే, నేను సూపించడం వల్లే పోయింది."

"నీకు తెలీదు కదా బావా."

"నాకు తెలీదు. నీకు?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు లేచి ముందుకి ఎల్తన్నప్పట్నుంచీ."

"మరి ఆపలేదేటి?"

"నీ మొహం సూసేను" అంది జ్యోతి. ఇంకేదో చెప్పబోయింది గానీ ఏడుపొచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాసింజరు వచ్చి ఆగింది. వెనక్కి ఇంటికి వెళ్ళిపోదామంటాడేమో అనుకుంది. జాన్ బాబు సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. "పద. ఆ మేడమ్‌కి నిజం సెప్పేద్దాం. నిన్ను నమ్మింది కదా ఆవిడ" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం వుంటే ఆవిడకి కొంచెం తేలిక అయ్యేది.

కిటికీ పక్కన ఎదురెదురుగా సీట్లు దొరికాయి. తాడి స్టేషను దాటేదాకా అతను బయటికే చూస్తూ కూర్చున్నాడు. సంచీ లోంచి తురుముపీట పిడి బయటికి పొడుచుకొచ్చి ఆవిడ మోకాలికి తగులుతోంది. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"పోన్లే" అన్నాడు చివరికి. "పేటెంటు పోతే పోయింది. ఇంకోటి సేత్తాను. ఆ రోజు అయితే పోదు కదా."

జ్యోతి తల ఊపింది.

"ఆ వీడియో నేనింతవరకూ సూడలేదు తెలుసా? నన్ను నేను సూసుకోడానికి సిగ్గేసింది. అందరూ బాగా మాటాడేవు అంటే సరే అనుకున్నాను." సీటు అంచుకి జరిగి ముందుకి వంగాడు. మొహంలో అదే, భయంతో కలిసిన నవ్వు. "ఓసారి పెట్టు. సూద్దాం."

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. వెతుకుతున్నట్టు నటించవచ్చు. సిగ్నల్ లేదనవచ్చు, ఛానల్ వాళ్ళే తీసేశారనవచ్చు. అబద్ధాలు వరసగా నోటి దాకా వచ్చి నిలబడ్డాయి. ఇన్ని నెలల్లో అవి ఎంత సులువుగా వస్తున్నాయో చూసి ఆవిడకే భయమేసింది.

"అది లేదు బావా. ఎవరి కంటా పడకూడదని నేనే తీయించేసేను. ఫోన్లోంచీ పోయింది. ఇంకెక్కడా లేదు."

జాన్ బాబు మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. ఏమన్నదో అర్థమయ్యేదాకా అలాగే వుండి, మెల్లగా వెనక్కి జరిగిపోయింది. పేటెంటు పోయిందన్నప్పుడు లేనిది ఏదో ఇప్పుడు అతని కళ్ళల్లోకి వచ్చింది. కిటికీ వైపు తిరిగిపోయాడు. దువ్వాడలో రైలు ఆగింది, జనం ఎక్కారు, దిగారు, మళ్ళీ కదిలింది.

"నా గొంతు వణికిందా ఆ రోజు?" అని అడిగాడు, ఆవిడ వైపు చూడకుండా.

"లేదు బావా. ఒక్కసారి కూడా వణకలేదు. నిలబడి దొరలా మాటాడేవు."

అది నిజం. అందులో రవ్వంత కల్పన లేదు. అప్పుడు జాన్ బాబు తిరిగి ఆవిడ మొహంలోకి చూశాడు. మేడమ్ చూడనంత సేపు, పాస్టరమ్మ చూడనంత సేపు చూశాడు.

"నిజమేనా?" అన్నాడు.